ఒక్క నాజిల్, వేయి పూలు

చాంద్ రాత్ నాడు మన ఇళ్లలో గోరింటాకు పెట్టే ఆడపిల్లల చేతులను గమనించండి. వారి వద్ద ఉండేది ఒకే ఒక కోన్. దాని కొసన ఉండేది ఒకే ఒక సన్నని రంధ్రం. ఆ ఒక్క రంధ్రం నుండే తీగలు సాగుతాయి, ఆకులు విచ్చుకుంటాయి, మామిడి పిందెలు వంపు తిరుగుతాయి, చుక్కల వరుసలు బారులు తీరుతాయి. కోన్ మారదు. మారేది వేలి ఒత్తిడి, చేతి వాలు, కదలికలోని వేగం. అంతే.

కేకుపై క్రీముతో అలంకరణ చేసే విద్య కూడా సరిగ్గా ఇటువంటిదే. అయితే ఈ సంగతి గ్రహించక, నేర్చుకోవాలన్న ఉత్సాహంతో ఉన్న మన సోదరీమణులలో చాలామంది ముందుగా బజారుకు పరుగెత్తుతున్నారు. 24 నాజిళ్ల పెట్టె, 52 నాజిళ్ల పెట్టె, తిరిగే బల్ల, అచ్చులు, రంగుల సీసాలు అన్నీ సమకూర్చుకున్న తర్వాతే మొదటి పువ్వు వేయాలనుకుంటున్నారు. చేతిలో డబ్బు లేనివారు వడ్డీ వాయిదాలకు సైతం సిద్ధపడుతున్నారు. ఆరు నెలలు గడిచేసరికి పెట్టెలోని నాజిళ్లలో రెండో మూడో వాడకంలో ఉంటాయి, మిగిలినవి తుప్పుపడతాయి. వాయిదాలు మాత్రం తుప్పుపట్టవు.

అందుచేత ఈ నెల మన శీర్షికలో ఒకే ఒక్క నాజిల్‌ను గురించి మాట్లాడుకుందాం. దానితో ఏమేమి చేయవచ్చో, ఎలా చేయాలో, చేసిన దానిని మన ధర్మం మెచ్చే విధంగా ఎలా నిలుపుకోవాలో తెలుసుకుందాం.

ఏ నాజిల్?

బేకరీ సామగ్రి అమ్మే దుకాణంలో ‘1ఎమ్’ అని అడిగితే ఇచ్చేది ఇదే. దీనిని ఓపెన్ స్టార్ నాజిల్ అంటారు. కొస విశాలంగా తెరుచుకుని, అంచు నక్షత్రం వలె పళ్లు పళ్లుగా ఉంటుంది. ఇది మనకు కొత్త వస్తువేమీ కాదు. జంతికల గొట్టంలో వేసే నక్షత్రపు బిళ్లకు ఇది దగ్గరి చుట్టం. ఆ బిళ్ల గుండా దిగిన పిండి పొడవునా గాళ్లు తీరినట్లే, ఈ నాజిల్ గుండా వచ్చిన క్రీము కూడా గాళ్లు తీరుతుంది. పువ్వుకు రేకుల పొరలు ఉన్నట్లు కనిపించటానికి ఆ గాళ్లే కారణం.

కొనేటప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలుదై, అతుకు లేకుండా ఉన్నదానిని ఎంచుకోండి. అతుకు ఉన్నచోట క్రీము చిక్కుకుంటుంది, ఒక్కోసారి గాడి చెడుతుంది. పెద్ద నాజిల్ గనుక మామూలు కప్లర్‌లో ఇది అమరదు. పైపింగ్ బ్యాగు కొసను కత్తిరించి నేరుగా లోపల జారవిడవాలి. నాజిల్‌లో మూడో వంతు మాత్రమే బయటకు కనిపించేటంత కత్తిరింపు చాలు. అంతకు మించితే ఒత్తిడికి నాజిల్ ఊడి కేకుపై పడుతుంది. పని ముగియగానే గోరువెచ్చని సబ్బునీటిలో కడిగి, తడి లేకుండా తుడిచి ఉంచాలి.

క్రీము కుదిరితేనే పువ్వు కుదురుతుంది

నేర్చుకునే వారి చేతిని నిందించే ముందు క్రీమును పరీక్షించాలి. బటర్ క్రీముకు 100 గ్రాముల వెన్నకు 200 గ్రాముల ఐసింగ్ షుగర్ పాళ్లు సరిపోతాయి. ముందు వెన్నను తెల్లబడి మెత్తబడే వరకు గిలకొట్టి, ఆ తర్వాత జల్లించిన చక్కెరను విడతలు విడతలుగా కలపాలి. మరీ గట్టిగా ఉంటే ఒకటి రెండు చెంచాల పాలు చాలు. చక్కెరను జల్లించటం మరువరాదు. ఒక్క గడ్డ అడ్డుపడినా పువ్వు రేకు చీలిపోతుంది.

విప్పింగ్ క్రీము వాడేవారు డబ్బాపై ఉన్న కొవ్వు శాతాన్ని చూడాలి. మామూలు వంటలలో పోసే 25 శాతం కొవ్వు క్రీమును ఎంత గిలకొట్టినా నిలబడదు. పాల క్రీము గట్టిపడాలంటే కనీసం 30 శాతం కొవ్వు ఉండాలి. పాలు లేని విప్పింగ్ క్రీమును గడ్డకట్టిన స్థితి నుండి ఫ్రిజ్ కింది అరలో మెల్లగా కరగనిచ్చి, ఇంకా చల్లగా ఉండగానే గిలకొట్టాలి. ఎత్తిన గరిట కొసన క్రీము శిఖరం వలె నిలిచి, కొన మాత్రం కొద్దిగా వంగితే పూలకు తగిన పాకంలో ఉన్నట్లు. అక్కడ ఆపకుండా ఇంకా గిలకొడితే నునుపు పోయి, నాజిల్ నుండి తెగుతూ తెగుతూ వస్తుంది.

మన ప్రాంతపు వేసవి సంగతి వేరుగా చెప్పుకోవాలి. వెన్న సుమారు 32 నుండి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నపు ఎండ 40 దాటుతుంది. అటువంటి రోజులలో ఫజ్ర్ నమాజు తర్వాతి చల్లని వేళ ఈ పనికి అనువైనది. బ్యాగును సగానికి మించి నింపరాదు. అరచేతి వేడికే లోపలి క్రీము జారుగా మారుతుంది. గాళ్లు మొద్దుబారుతున్నట్లు తోచగానే బ్యాగును 5 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి తిరిగి మొదలుపెట్టాలి.

ఒత్తిడి, వాలు, ఎత్తు

ఈ విద్యకు ఆధారం ఈ మూడే. బ్యాగు పై భాగాన్ని మెలిపెట్టి, ఆ మెలికను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోవాలి. పని చేసే చేయి నొక్కాలి, రెండవ చేతి వేలు నాజిల్ దగ్గర ఊతంగా మాత్రమే ఉండాలి. రెండు చేతులతో నొక్కితే క్రీము వెనుకకు తన్నుకొస్తుంది. నాజిల్ కేకుకు ఆనకుండా, దాదాపు అర సెంటీమీటరు ఎత్తున నిలవాలి. ఈ ఒక్క నాజిల్‌తో వచ్చే ఆరు రూపాలను వరుసగా చూద్దాం.

మొదటిది నక్షత్రం. బ్యాగును నిట్టనిలువుగా పట్టి, నొక్కి, నొక్కటం ఆపి, ఆ తర్వాతే పైకి ఎత్తాలి. ఆపక ముందే ఎత్తితే తోక వస్తుంది. తక్కిన ఐదింటికీ ఇదే పునాది.

రెండవది గులాబీ. దీనినే రోజెట్ అంటారు. నిలువుగానే పట్టి, నడుమ ఒక నక్షత్రం వేసి, చేయి ఎత్తకుండా దాని చుట్టూ ఒక చుట్టు తిప్పాలి. చుట్టు ముగిసే చోట ఒత్తిడి తగ్గిస్తూ అంచులోకి కలిపివేయాలి. లోపలి నుండి బయటకు తిప్పటమే ఇందులోని కిటుకు.

మూడవది గోపురం. గులాబీకి ఇది తిరగవేసిన రూపం. బయటి అంచున మొదలై లోపలికి, పైకి రెండు మూడు చుట్లు తిరిగి కొసన ముగుస్తుంది. చిన్న కప్ కేకులకు ఇది ఎంతో అందాన్నిస్తుంది.

నాలుగవది శంఖం. బ్యాగును 45 డిగ్రీల వాలులో పట్టి, క్రీము విసనకర్ర వలె విచ్చుకునే దాకా నొక్కి, ఒత్తిడి తగ్గిస్తూ మన వైపుకు లాగి ఆపాలి. దాని తోకపై తర్వాతి శంఖం తల మొదలవుతుంది. కేకు అంచులకు, కేకు పళ్లేన్ని తాకే అడుగు భాగానికి ఇదే కట్టుబాటు. ఒక శంఖాన్ని కుడికి, మరొకదానిని ఎడమకు వంచుతూ పోతే జడ అల్లిన అంచు ఏర్పడుతుంది.

ఐదవది తాడు. అడ్డంగా పడుకోబెట్టిన చిన్న వంపులను ఒకదాని కింద ఒకటి దూర్చుతూ పోతే పేనిన తాడు వలె వస్తుంది.

ఆరవది అల. ఒత్తిడి మార్చకుండా చేతిని మాత్రం పైకీ కిందికీ ఆడిస్తూ ముందుకు సాగాలి. కేకు పక్క గోడలకు ఇది నిండుదనం తెస్తుంది.

ఈ ఆరింటికీ రెండు రంగులు తోడైతే రూపాలు మరిన్ని పెరుగుతాయి. బ్యాగు లోపలి గోడకు రంగు క్రీముతో ఒక నిలువు చార పూసి, మిగతా భాగాన్ని తెల్ల క్రీముతో నింపితే, గులాబీ రేకుల అంచులకు రంగు దానంతట అదే తేలుతుంది. రెండు రంగులూ కలిసి రావటం మొదలయ్యే దాకా కొద్దిగా క్రీమును గిన్నెలోకి వదిలి, ఆ తర్వాతే కేకుపై వేయాలి.

సాధనలో వృథా వద్దు

నేర్చుకోవటానికి వెన్న, చక్కెర పారబోయనక్కరలేదు. బంగాళాదుంపలను మెత్తగా ఉడికించి, జల్లెడ గుండా వత్తి, కొద్దిగా పాలు కలిపితే క్రీముకు సరితూగే ముద్ద తయారవుతుంది. దానిని బ్యాగులో నింపి స్టీలు పళ్లెం వెనుక వైపు వంద నక్షత్రాలు వేయండి. చెరిపి, గీరి తీసి, తిరిగి వంద వేయండి. సాయంత్రానికి ఆ ముద్దలోనే ఉప్పు, కారం, కొత్తిమీర చేర్చి కట్‌లెట్లు వేయించండి. చేతికి సాధన దొరికింది, పిల్లలకు ఫలహారం దొరికింది. తినండి, తాగండి, కానీ దుబారా చేయకండి అన్న దివ్యఖుర్ఆన్ బోధ వంటగదిలో అమలయ్యే తీరు ఇదే.

వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట చొప్పున రెండు నెలలు ఇలా చేసిన చేయి ఎన్ని నాజిళ్ల పెట్టె కొన్నా రాని నిలకడను సంపాదిస్తుంది. తిరిగే బల్ల లేకపోయినా దిగులు వద్దు. తిరగవేసిన గిన్నెపై పళ్లెం పెట్టి, మెల్లగా తిప్పుకుంటూ పని సాగించవచ్చు.

ఖలం నేర్పిన కొలత

పూలు వేయటం వచ్చిన తర్వాత వాటిని ఎక్కడెక్కడ వేయాలన్న ప్రశ్న ఎదురవుతుంది. ఇక్కడ మన నాగరికత నుండి ఒక పాఠం ఉంది. 10వ శతాబ్దంలో బాగ్దాదులో అబ్బాసీ ఖలీఫాల వద్ద మంత్రిగా పనిచేసిన ఇబ్ను ముఖ్లా గొప్ప లేఖకుడు. క్రీ.శ. 940లో ఆయన మరణించారు. అరబీ అక్షరాలకు ఆయన ఒక కొలత ఏర్పరచారు. ఖలం కొసను కాగితంపై ఆనించితే ఏర్పడే చుక్క, అంటే నుఖ్తా, ఆ కొలతకు ప్రమాణం. అలిఫ్ ఎత్తు ఎన్ని నుఖ్తాలో, మిగతా అక్షరాల వంపు ఎంతో, అన్నీ ఆ చుక్కతోనే లెక్క. రాసే కలమే కొలిచే కర్ర కూడా అయింది.

మన నాజిల్‌కు కూడా ఒక నుఖ్తా ఉంది. అదే నక్షత్రం. కేకు పై భాగపు కొలతతో ఒక కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి మూడుసార్లు మడిచి విప్పితే ఎనిమిది సమభాగాలు ఏర్పడతాయి. దానిని కేకుపై ఉంచి మడతల చివర్లను టూత్‌పిక్‌తో గుర్తించండి. ఆ ఎనిమిది చోట్ల ఎనిమిది గులాబీలు వేయండి. రెండు గులాబీల నడుమ ఒక్క నక్షత్రం వేయండి. అడుగున శంఖాల అంచు కట్టండి. నడిమి భాగాన్ని ఖాళీగా విడిచిపెట్టండి. ఆ ఖాళీయే పూలకు శోభ. ముస్‌హఫ్ ప్రతులలో భాగాలను సూచించే ఎనిమిది మూలల గుర్తును ప్రతిరోజూ చూసే కన్ను ఈ అమరికను ఇట్టే పోల్చుకుంటుంది. ఈద్ విందుకైనా, వలీమాకైనా, బిడ్డ ఖుర్ఆన్ పారాయణం పూర్తిచేసిన శుభదినానికైనా ఇది తగిన అలంకరణ.

మరొక విషయం. ప్రాణుల బొమ్మల విషయంలో మన ఉలమాలు జాగ్రత్త చెప్పారు. పూలు, ఆకులు, రేఖాగణిత రూపాలకు అటువంటి ఇబ్బంది లేదు. శతాబ్దాలుగా మస్జిదుల గోడలను, గ్రంథాల అంచులను అలంకరించినవి ఇవే. మన నాజిల్ ఇచ్చేవీ ఇవే. అలాగే అల్లాహ్ నామాన్ని గాని, ఖుర్ఆన్ వాక్యాలను గాని కేకుపై రాయించుకునే అలవాటు అక్కడక్కడా కనిపిస్తోంది. కత్తితో కోయబోయే దానిపై, ఎంగిలి పళ్లేలలో మిగిలిపోయే దానిపై ఆ పవిత్ర నామాన్ని రాయటం మర్యాద కాదు. శుభాకాంక్షను కార్డుపై రాసి పక్కన ఉంచటం మేలు.

రంగు వెనుక ఏముందో చూడాలి

అలంకరణకు వాడే సామగ్రిలో కొన్నింటిని చదివి కొనాలి. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుండి తీస్తారు. మార్ష్‌మాలోలలో, కొన్ని ఫాండెంట్లలో ఇది ఉంటుంది. డబ్బాపై ఇ441 అన్న సంఖ్య రూపంలో కనిపించవచ్చు. ఇ120 అన్నది కోచినీల్ పురుగుల నుండి తీసే ఎర్రరంగు. మన దేశంలో ప్యాకెట్లపై ఉండే పచ్చని శాకాహార గుర్తు ఈ రెండింటి విషయంలో మనకు ఎంతో తోడ్పడుతుంది. కానీ ఆ పచ్చని గుర్తు మద్యసారం ఉందో లేదో చెప్పదు. వెనీలా సారాన్ని ఆల్కహాలులో తీసే పద్ధతి ఉంది గనుక, ఆల్కహాలు లేనిదని రాసి ఉన్న వెనీలాను అడిగి తీసుకోవాలి. సందేహం మిగిలితే దగ్గరలోని ఆలిమ్‌ను సంప్రదించాలి.

మెరుపు పొడుల విషయంలోనూ మోసపోరాదు. ‘విషరహితం’ అని రాసినంత మాత్రాన అది తినదగినది కాదు. ఆహార పదార్థమని స్పష్టంగా రాసి ఉంటేనే వాడాలి. నిజానికి ఇంట్లోనే రంగులు ఉన్నాయి. బీట్‌రూట్ పొడి గులాబీ రంగునిస్తుంది. చెంచా వేడిపాలలో నానబెట్టిన కుంకుమపువ్వు లేత పసుపునిస్తుంది. కోకో పొడి మట్టిరంగునిస్తుంది. ఇవి కాస్త మసకగా ఉంటాయి, కానీ కంటికి ఇంపుగా ఉంటాయి.

పైపూత కింద

ఇంటి వద్దనే కేకులు చేసి అమ్ముతున్న సోదరీమణులకు ప్రత్యేకంగా ఒక మాట. క్రీము పూత స్వభావం దాచటం. వంకరగా ఉబ్బిన కేకును అది సమం చేస్తుంది, పగులును కప్పుతుంది. అంతవరకు అది అలంకరణ. మాడిన అడుగును, నిన్నటి ఎండిన కేకును, చౌకరకపు నూనెను కప్పటానికి వాడితే అది మోసం.

దైవప్రవక్త (స) ఒకసారి ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులో చేయి పెట్టారు. లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు విన్నవించుకున్నాడు. అలాగైతే ఆ తడిసిన భాగం జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవానికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. కేకు వ్యాపారానికి ఇంతకంటే సూటిగా వర్తించే ఉదంతం లేదు. వెన్న క్రీమా, పాలు లేని క్రీమా అన్నది ముందే చెప్పాలి. గుడ్డు ఉందో లేదో చెప్పాలి. గుడ్డు వాడిన గిన్నెలోనే గుడ్డులేని కేకును కలిపి, శాకాహారం పాటించే పొరుగువారికి అమ్మటం విశ్వాసఘాతుకం. వేరొకరు చేసిన కేకు ఫోటోను మన పనిగా చూపి ఆర్డర్లు తీసుకోవటమూ ఆ తడిసిన ధాన్యం వంటిదే. కిలో అన్నప్పుడు కిలో తూగాలి. అమ్మకం మొదలుపెట్టేవారు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వద్ద తమ వంటగదిని నమోదు చేయించుకోవటం చట్టరీత్యా అవసరం.

ఇక పెట్టుబడి. నాజిల్ ఒకటి, బ్యాగులు కొన్ని, ఒక గరిట, ఒక తూకం. మొదలుపెట్టటానికి ఇవి చాలు. మొదటి పది కేకుల లాభంతో రెండవ నాజిల్ కొనండి. వడ్డీ అప్పుతో మొదలైన పనిలో బర్కత్‌ను ఎలా ఆశించగలం? కుటుంబంలోని పురుషులకు కూడా ఒక విన్నపం. భార్య సంపాదన షరీఅత్ ప్రకారం భార్యదే. ఇంటి పోషణ భర్త బాధ్యత. ఆమె తన ఇష్టంతో ఇంటికి ఖర్చుచేస్తే అది ఆమె ఔదార్యం, మన హక్కు కాదు.

పొడవైన చేయి

ప్రవక్త (స) సతీమణులలో హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (ర.అన్హా) చేతిపనిలో నేర్పరి. తోళ్లను పదునుచేసి, కుట్టి, వచ్చినదానిని దానం చేసేవారు. మీలో ఎవరి చేయి పొడవైనదో వారు అందరికంటే ముందుగా నన్ను కలుసుకుంటారని ప్రవక్త (స) ఒకసారి తన సతీమణులతో చెప్పారు. వారు తమ చేతులను కొలిచి చూసుకున్నారు. ఆయన తర్వాత అందరికంటే ముందుగా హజ్రత్ జైనబ్ (ర.అన్హా) మరణించినప్పుడు గాని ఆ మాట అర్థం తెలియలేదు. పొడవైన చేయి అంటే పనిచేసి, ఆ సంపాదనను దానంగా చాచిన చేయి.

నాజిల్ పట్టిన చేతికి కూడా ఆ పొడవు రావచ్చు. పదకొండవ కేకును అమ్మకానికి కాక, వీధి చివరి అనాథ బిడ్డ ఇంటికి పంపండి. దానిపై కూడా అమ్మకపు కేకుపై వేసినంత శ్రద్ధగానే ఎనిమిది గులాబీలు వేయండి. అల్లాహ్ మన చేతులకు నేర్పును, మన సంపాదనకు శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.